పలకవలసినది విద్యార్థి

తెలుగు తరగతి. గోడకు అమర్చిన పెద్ద తెరమీద గజేంద్రమోక్షణ ఘట్టం నడుస్తున్నది. శ్రావ్యమైన కంఠం ఒకటి పద్యాన్ని రాగయుక్తంగా చదువుతున్నది. రంగురంగుల అక్షరాలలో ప్రతిపదార్థం వచ్చి పోతున్నది. మడుగులో ఏనుగు పెనుగులాడుతున్నది. మొసలి తోక జాడిస్తున్నది. నలభైమంది పిల్లలు కన్నార్పక చూస్తున్నారు. అంతలో గంట మ్రోగినది, పాఠం ముగిసినది. ఆ గంటసేపటిలో పద్యాన్ని నోరార చదివిన పిల్లవాడు ఒక్కడు లేడు. ఒక్క మాటకైనా తానుగా అర్థం వెదకిన బాలిక లేదు. ఒక్క వాక్యం వ్రాసినవారు లేరు. పద్యం బాగున్నది, గొంతు బాగున్నది, బొమ్మ బాగున్నది. కాని తెలుగు నేర్చినది ఎవరు?

నేడు మన పాఠశాలలలో ఎక్కడైనా ఎదురుకాగల దృశ్యం ఇది. దీనిని ప్రశ్నించడం యంత్రద్వేషం కాదు. తాటియాకును విడిచి అచ్చుపుస్తకాన్ని పట్టుకొన్న జాతి, తెరను చూచి బెదరవలసిన పని లేదు. అయితే ఏ పరికరమైనా తరగతిలోకి వచ్చినప్పుడు దానిని పరీక్షించి లోనికి రానీయడం ఉపాధ్యాయుని ధర్మం. భాషాబోధన విషయంలో ఆ పరీక్ష ఒక్కటే: ఈ పరికరం వచ్చిన తరువాత విద్యార్థి పలకడం, చదవడం, వ్రాయడం పెరిగినవా, తగ్గినవా? పెరిగితే అది పరికరం. తగ్గితే అది వినోదం.

భాష చూచి నేర్చే విద్య కాదు. విని, పలికి, తప్పి, దిద్దుకొని నేర్చే విద్య. గిడుగు రామమూర్తి పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడుగా ఉంటూ సవరల భాషను ఆ భాష మాట్లాడేవారి నోటినుండి విని నేర్చుకొన్నారు; ఆ పిల్లల కోసం ఆ భాషలోనే వాచకాలు కూర్చారు; దానికి వ్యాకరణం, నిఘంటువు నిర్మించారు. చెవి, నోరు, చేయి అనే మూడు సాధనాలతో జరిగిన మహాకార్యం అది. నేటి పరికరాలు ఈ మూడింటికి బలం చేకూర్చవలసినవే గాని, ఈ మూడింటికి సెలవు ఇప్పించవలసినవి కావు.

తెలుగు పిల్లలకు తెరమీది పాఠం నిన్న మొన్నటి వింత కాదు. 1975 ఆగస్టు 1 మొదలు 1976 జులై 31 వరకు, ఏటీఎస్-6 అనే అమెరికా ఉపగ్రహం సహాయంతో, భారతదేశం ‘సైట్’ అనే ఉపగ్రహ బోధన ప్రయోగాన్ని నడిపినది. ఆరు రాష్ట్రాలలోని 2,400 గ్రామాలకు టెలివిజన్ కార్యక్రమాలు అందినవి. నాటి ఆంధ్రప్రదేశ్ ఆ ఆరింటిలో ఒకటి. తెలుగు ఆ ప్రసారాలు సాగిన నాలుగు భాషలలో ఒకటి. ఉదయం బడిపిల్లలకు, సాయంకాలం పెద్దలకు ఊరుమ్మడిగా కార్యక్రమాలు సాగినవి. కరెంటు దీపమే అరుదైన పల్లెలలో అది అపూర్వమైన ప్రయత్నం. అయినా దాని స్వభావంలోనే ఒక హద్దు ఉన్నది. పెట్టె చెప్పేది, పిల్లవాడు వినేవాడు. పిల్లవాడు తిరిగి ఒక మాట అడిగితే బదులు చెప్పే శక్తి పెట్టెకు లేదు. ఆ బదులు చెప్పవలసినవాడు ఊరి పంతులే.

ఆ హద్దు 2020లో మరొకమారు బయటపడినది. కరోనా వల్ల బడులు మూతపడగా, తెలంగాణలో ఆ సంవత్సరం సెప్టెంబరు 1 నుండి దూరదర్శన్ యాదగిరి, టీ-శాట్ ద్వారా పాఠాలు ప్రసారమైనవి. ఆపత్కాలంలో అది చేయదగిన పనే. చేయకుంటే నష్టం ఇంకా పెద్దదయ్యేది. కాని పిల్లవాడు వాచకం చేతబట్టి తప్పు చదివితే ‘ఆగు, మళ్ళీ చదువు’ అనే గొంతు ఆ తెరకు లేదు. ఆ ఒక్క మాటలోనే బడి ఉన్నదని ఆ నెలలలో తల్లిదండ్రులకు తెలిసివచ్చినది.

పరికరాలకు ఇప్పుడు కొదవ లేదు. 2017 సెప్టెంబరు 5న, ఉపాధ్యాయ దినోత్సవం నాడు, కేంద్రప్రభుత్వం ‘దీక్ష’ అనే బోధన వేదికను ప్రారంభించినది. పాఠ్యపుస్తకాలలో చిన్న చదరపు గుర్తులు వెలసినవి. ఫోనుతో వాటిని చూపితే పాఠానికి సంబంధించిన దృశ్యాలు, అభ్యాసాలు తెరచుకొంటాయి. 2022 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఎనిమిదవ తరగతి విద్యార్థులకు, ఉపాధ్యాయులకు కలిపి ఐదు లక్షలకు పైగా ట్యాబ్‌లు పంచినది. ఇండ్లలోని ఫోనుల సంగతి చెప్పనక్కరలేదు.

మరి చదువు ఎంతవరకు వచ్చినది? 2024లో దేశవ్యాప్తంగా గ్రామీణ ప్రాంతాలలో జరిగిన ‘అసర్’ సర్వే రెండు సంగతులు చెప్పినది. 14 నుండి 16 ఏండ్ల పిల్లలలో నూటికి 82 మందికి స్మార్ట్‌ఫోను వాడడం తెలుసు. వారిలో అంతకు ముందు వారం రోజులలో చదువుకు సంబంధించిన ఏదో ఒక పనికి దానిని వాడినవారు 57 శాతం; సామాజిక మాధ్యమాలకు వాడినవారు 76 శాతం. ఇక రెండవ సంగతి: ప్రభుత్వ పాఠశాలలలో ఐదవ తరగతి పిల్లలలో రెండవ తరగతి వాచకాన్ని చదవగలిగినవారు 44.8 శాతం మాత్రమే. 2022లో కనిపించిన స్థితి కంటె ఇది మేలే. ఆ మేలుకు కారకులైన ఉపాధ్యాయులను అభినందించవలసినదే. అయినా సగం మందికి పైగా పిల్లలు మూడు తరగతుల క్రిందటి పాఠం చదవలేకున్నారన్నది మరువరాని సత్యం. చేతికి పరికరం అందినంత వేగంగా నోటికి అక్షరం అందలేదు.

పరికరం అందించడం వేరు, చదువు అందించడం వేరు అన్న సంగతిని దక్షిణ అమెరికాలోని పెరూ దేశం తన ఖర్చుతో లోకానికి చెప్పినది. పిల్లవాడికొక లాప్‌టాప్ ఇవ్వాలన్న ఉద్యమాన్ని ఆ దేశం 2008లో చేపట్టి, లక్షల సంఖ్యలో వాటిని పంచినది. 319 గ్రామీణ పాఠశాలలను తీసుకొని పరిశోధకులు జరిపిన పరిశీలన ఫలితాలు 2012లో వెలువడినవి. పిల్లల చేతిలోకి యంత్రాలు వచ్చినవి, వాటి వాడకం పెరిగినది. కాని గణితంలోగాని భాషలోగాని పిల్లల ప్రజ్ఞ పెరిగినట్లు కనిపించలేదు.

దీనికి ఎదురుగా నిలిచే ఉదాహరణ మన దేశంలోనే ఉన్నది. ఢిల్లీలో బడి ముగిసిన తరువాత నడిచిన కొన్ని కేంద్రాలలో ‘మైండ్‌స్పార్క్’ అనే సాఫ్ట్‌వేర్‌తో పిల్లలకు గణితం, హిందీ నేర్పారు. కార్తీక్ మురళీధరన్, అభిజీత్ సింగ్, అలెహాండ్రో గనిమియన్ అనే ఆర్థికశాస్త్రవేత్తలు ఆ ప్రయత్నాన్ని పరిశీలించి, 2019లో ఫలితాలు ప్రకటించారు. నాలుగున్నర నెలలలోనే రెండు విషయాలలోను పిల్లలు స్పష్టమైన ప్రగతి చూపారు. ఇక్కడా యంత్రమే, అక్కడా యంత్రమే. భేదం ఎక్కడ?

ఢిల్లీలో యంత్రం పాఠం ప్రదర్శించి ఊరుకోలేదు. పిల్లవాడు ఏ మెట్టు మీద నిలిచి ఉన్నాడో ముందు కనుగొన్నది. ఏడవ తరగతి పిల్లవాడికి నాలుగవ తరగతి చదువే వచ్చి ఉంటే అక్కడినుండే మొదలుపెట్టినది. ప్రశ్న వేసినది, పిల్లవాడు జవాబు ఇచ్చేవరకు ఆగినది, తప్పును బట్టి మరొక ప్రశ్న వేసినది. అంతే కాదు. ప్రతి దినం ముప్పాతిక గంట యంత్రం ముందు గడిస్తే, మరొక ముప్పాతిక గంట పన్నెండు పదిహేనుమంది పిల్లల జట్టుతో ఒక బోధకుడు కూర్చునేవాడు. పిల్లవాడిని పనిలో పెట్టిన యంత్రం, దాని ప్రక్కన మనిషి — ఈ రెండూ కలిసిన చోట ఫలం కనిపించినది. పెట్టెలు పంచి చేతులు దులుపుకొన్న చోట కనిపించలేదు.

ఈ సూత్రాన్ని తెలుగు పాఠానికి అన్వయిస్తే ఏమి చేయవచ్చునో చూడవలసి ఉన్నది.

మొదటిది ఉచ్చారణ. ‘కల’కు ‘కళ’కు భేదం చూపి పలకలేని పిల్లలు నేడు తెలుగునాటనే ఎందరో. శ, ష, స మూడూ ఒక్క ధ్వనిగా మారిపోవడం, ణకారం నకారంలో కలిసిపోవడం ప్రతి ఉపాధ్యాయుడు ఎరిగినదే. విదేశాలలో పెరిగే తెలుగు పిల్లలకు ఈ కష్టం రెట్టింపు. ఇంట తప్ప వీధిలో తెలుగు వినే అవకాశం వారికి లేదు. మంచి పఠనాన్ని ఎన్నిమార్లైనా వినిపించగల పరికరం వీరందరికి వరమే. కాని విన్నంత మాత్రాన నాలుక తిరగదు. అదే ఫోనులో పిల్లవాడు తన పఠనాన్ని ముద్రించి, తన గొంతును తానే వినాలి. అద్దంలో ముఖం చూచుకొన్నవాడు చెదరిన జుట్టు సర్దుకొన్నట్లు, తన ఉచ్చారణలోని దోషాన్ని తానే పట్టుకొంటాడు. మొదటి పఠనాన్ని, పదవ పఠనాన్ని ప్రక్కప్రక్కన వినిపిస్తే ఆ పిల్లవాడికి వేరే బహుమతి అక్కరలేదు.

రెండవది నిఘంటువు. చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ తెలుగు-ఇంగ్లీషు నిఘంటువు 1852లోను, బహుజనపల్లి సీతారామాచార్యుల శబ్దరత్నాకరం 1885లోను వెలువడినవి. సూర్యరాయాంధ్ర నిఘంటువు ఎన్నో సంపుటాలు. ఒకనాడు పల్లెటూరి బడిలో ఇవి దొరకడం దుర్లభం. దొరికినా అలమరలో తాళం వేసి ఉండేవి. నేడు ‘ఆంధ్రభారతి’ వంటి చోట్ల ఇవన్నీ ఒక్క మాట టైపు చేసినంతలో ఎదుట నిలుస్తున్నవి. తెలుగు విద్యార్థికి ఇంతటి సంపద ఇంత చౌకగా ఏనాడూ దక్కలేదు.

అయితే ఈ సంపదకు తాళంచెవి ఒకటి ఉన్నది. అది వ్యాకరణం. ‘ఊళ్ళో’ అని వెదికితే పాత నిఘంటువులో ఆరోపం దొరకదు. ‘ఊరిలో’ అన్నదే వాడుకలో ‘ఊళ్ళో’ అయినదని, విభక్తిని విడదీస్తే మిగిలే మాట ‘ఊరు’ అని తెలిసినవాడికే దొరుకుతుంది. ‘రాలేదు’ అన్నదానికి మూలం ‘వచ్చు’ అని ఎరుగనివాడు ఎంత వెదికినా ఫలం లేదు. ‘ఎరుపు’ ప్రాచీన గ్రంథాలలో శకటరేఫతో ‘ఎఱుపు’ అని ఉంటుందని తెలియాలి. సంధులు, విభక్తులు, ధాతురూపాలు పరీక్షలో మార్కుల కోసమే పుట్టినవనుకొనే విద్యార్థికి, అవి దేనికి ఉపయోగమో ఒక్క నిఘంటు శోధనతో చూపవచ్చు. యంత్రం వచ్చినందువల్ల వ్యాకరణం అనవసరం కాలేదు. వ్యాకరణానికి ప్రయోజనం కనబడినది.

మూడవది వ్రాత. 1991లో వెలువడిన యూనికోడ్ మొదటి ప్రమాణంలోనే తెలుగు లిపికి స్థానం లభించినది. అంతకు పూర్వపు పద్ధతులలో ఒక అక్షరరూపంలో కూర్చిన వ్యాసం, ఆ అక్షరరూపం లేని యంత్రంలో తెరిస్తే చదవరాని గీతల కుప్పగా కనబడేది. నేడు ఏ ఫోనులోనైనా తెలుగు తెలుగుగానే కనబడుతున్నది. అంతేకాదు, యంత్రం తెలుగును దాచుకొనే తీరులో చక్కని వ్యాకరణ పాఠం ఉన్నది. ‘అమ్మ’ అన్న మాటను అది అ, మ, పొల్లు, మ అని నాలుగు గుర్తులుగా దాచుకొంటుంది. మకారం క్రింది వత్తు వట్టి గీత కాదని, అదీ ఒక పూర్ణ హల్లేనని, పొల్లు చేరినందువల్ల పై హల్లు అచ్చును కోల్పోయినదని విద్యార్థికి కండ్లకు కట్టినట్లు చెప్పవచ్చు. ద్విత్వం, సంయుక్తం అన్న మాటలు అప్పుడు కంఠస్థం చేయవలసిన నిర్వచనాలుగా ఉండవు.

అచ్చులు ఎడమచేతి వైపు, హల్లులు కుడిచేతి వైపు అమరిన ఇన్‌స్క్రిప్ట్ మీటల పద్ధతి మన వర్ణమాల క్రమాన్ని గౌరవించినది. కాని పిల్లలు తెలుగును ఇంగ్లీషు అక్షరాలలో కొట్టి, తెర చూపిన నాలుగు రూపాలలో ఒకదానిని ఏరుకొనడానికి అలవాటు పడుతున్నారు. ఇంకా సోమరితనం పెరిగితే ఆ ఇంగ్లీషు అక్షరాలనే అలాగే వదిలివేస్తున్నారు. ఆ వ్రాతలో రమ, రామ, రమా, రామా అన్న నాలుగింటికీ ఒక్కటే రూపం. హ్రస్వానికి దీర్ఘానికి భేదం పోయిన చోట తెలుగు ఎంతకాలం నిలుస్తుంది? అక్షరాలు కుదిరేవరకు పలక మీద, కాగితం మీద చేతితోనే వ్రాయాలి. కుదిరిన తరువాత తెలుగు మీటలతో తెలుగు కొట్టడం బడిలోనే నేర్పాలి. ఈ రెండు మెట్లలో ఏది దాటవేసినా ప్రమాదమే.

నాలుగవది అన్నిటికంటె క్లిష్టమైనది. 2022 చివరనుండి, అడిగినంతలో వ్యాసం వ్రాసి ఇచ్చే కృత్రిమ మేధ సామాన్యుల చేతికి వచ్చినది. ‘మా ఊరి చెరువు’ అని ఇంటిపని ఇస్తే, క్షణంలో వ్యాసం సిద్ధం. అందులో తామరలు ఉంటాయి, కొంగలు ఉంటాయి, సూర్యాస్తమయం ఉంటుంది. ఆ ఊరి చెరువు మాత్రం ఉండదు. ఆ చెరువుకు తూములెన్ని, అలుగు ఏ దిక్కున పారుతుంది, ఆయకట్టు ఎంత, నీరు వదిలే నీరటి ఎవరు, కట్ట తెగిన సంవత్సరం ఏది — ఇవి యంత్రానికి తెలియవు. ఊరివారికి తెలుసు. అడిగితే ఆ పిల్లవాడికి తెలుస్తాయి.

కనుక ఈ యంత్రాన్ని నిషేధించి గెలవాలనుకొనడం కంటె, అది చేయలేని పనిని విద్యార్థి చేత చేయించడం మేలు. భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో మాండలిక వృత్తిపదకోశం వ్యవసాయ సంపుటాన్ని 1962లోను, చేనేత సంపుటాన్ని 1971లోను ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ ప్రకటించినది. జిల్లాలు తిరిగి, రైతుల నోట, నేతగాండ్ర నోట విని పోగుచేసిన మాటలవి. ఆనాటి పరిశోధకులు పడిన శ్రమలో కొంత నేడు ఒక ఉన్నత పాఠశాల తరగతి తలపెట్టవచ్చు. ముప్పైమంది పిల్లలు తలకొక ఇంటికి వెళ్ళి, కుమ్మరిని, వడ్రంగిని, చేపలు పట్టేవారిని, వారి అనుమతితో మాట్లాడించి, ఆ మాటలు ఫోనులో ముద్రించి, విని వ్రాసి, అర్థం కూర్చి, బొమ్మ జతపరిస్తే, ఏడాది తిరిగేసరికి ఆ ఊరికొక చిన్న పదకోశం సిద్ధమవుతుంది. ఆ మాటలు యంత్రం ఇచ్చినవి కావు. విద్యార్థి యంత్రానికి ఇచ్చినవి. తెలుగును రేపటి యంత్రాలు బాగా పలకాలంటే, నేటి తెలుగువారు వాటికి మంచి తెలుగు అందించవలసినదే. ఈ మార్గంలో విద్యార్థి వట్టి భోక్తగా మిగిలిపోడు, కర్త అవుతాడు.

ఇన్ని చెప్పినా ఒక న్యాయాన్ని మరువరాదు. ఇంటి ఫోను ఎవరి చేతిలో ఉన్నది? అదే 2024 సర్వే ప్రకారం, స్మార్ట్‌ఫోను వాడడం తెలిసిన 14-16 ఏండ్ల వారిలో సొంత ఫోను ఉన్న బాలురు 36.2 శాతం కాగా బాలికలు 26.9 శాతం మాత్రమే. తండ్రి పొలంనుండి వచ్చేవరకు ఫోను దొరకని పిల్లవాడు ఉన్నాడు. అన్న ఇవ్వనిదే ముట్టుకోరాని ఆడపిల్ల ఉన్నది. ఇంటి ఫోను మీద ఆధారపడే ఇంటిపని ఇచ్చినంతమాత్రాన వీరు వెనుకబడినవారుగా లెక్కకు వస్తారు. కనుక యంత్రంతో చేయవలసిన పని బడిలో, బడి పరికరంతో, జట్టుకొకటి చొప్పున జరగడం న్యాయం. ఐదుగురికి ఒక పరికరం చాలును. ఒకరు పలుకుతుంటే నలుగురు విని దిద్దుతారు. ఆ కొరతలోనూ ఒక గుణం ఉన్నది.

ప్రభుత్వాలకూ ఇందులో బాధ్యత లేకపోలేదు. పరికరాలు కొని పంచడం ఒక్కనాటి పండుగ. వాటిని బాగుచేయించడం, ఉపాధ్యాయులకు శిక్షణ ఇవ్వడం ఏటేటి వ్యవసాయం. పండుగకు ఉన్న ఉత్సాహం వ్యవసాయానికీ ఉండాలి. ఆ శిక్షణ మీటలు నొక్కడం నేర్పి ముగియరాదు; తెలుగు వాచకంలోని ఏ పాఠంలో ఏ నిమిషాన తెర వెలిగించాలి, ఏ నిమిషాన ఆర్పాలి అన్నది నేర్పాలి. ఐక్యరాజ్యసమితి విద్యా సంస్థ యునెస్కో 2023లో ప్రకటించిన ప్రపంచ విద్యా నివేదిక కూడ, ఈ పరికరాలు ఎవరి షరతుల మీద తరగతిలోకి వస్తున్నవన్న ప్రశ్ననే తన శీర్షికగా పెట్టుకొన్నది. ఆ షరతులు విధించవలసినది అమ్మేవారు కాదు, బోధించేవారు.

మొదట చెప్పిన తరగతిని ఇప్పుడు మరొక విధంగా తలచుకొనవచ్చు. అదే గది, అదే తెర, అదే పద్యం. శ్రావ్యమైన కంఠం ఒక్కమారు చదివినది. ఉపాధ్యాయిని తెర ఆర్పివేసినది. ‘ఇప్పుడు మీరు’ అన్నది. మొదటి పిల్లవాడు తడబడ్డాడు. రెండవ అమ్మాయి పాదం విరిచినది. నాలుగవ వాడికి యతి పట్టుబడినది. ఒక జట్టు కష్టమైన మాటలను విడదీసి నిఘంటువులో వెదకుతున్నది. మరొక జట్టు తమ పఠనాన్ని ముద్రించి విని నవ్వుకొంటున్నది, దిద్దుకొంటున్నది. గది నిండా గోల. ప్రక్క తరగతి అయ్యవారు తలుపు దగ్గరకు వచ్చి ఇదేమి అల్లరి అని అడగవచ్చు. అల్లరి కాదు, అది తెలుగు తరగతి. పది నిమిషాలు వెలిగి, తరువాత ఆరి, పిల్లల గొంతుకు చోటు ఇచ్చిన తెర తన పని తాను చేసినది. గంట మ్రోగేలోగా ప్రతి విద్యార్థి పలికినాడా, చదివినాడా, ఒక వాక్యమైనా వ్రాసినాడా అని రేపటి తరగతిలో ఉపాధ్యాయులు చూచుకొంటే చాలు. విద్యార్థులు కూడ తమను తాము ఆ ప్రశ్న వేసుకొనవచ్చు. దానికి జవాబు చెప్పడానికి ఏ యంత్రమూ అక్కరలేదు.